అప్పటిదాకా ఓ ఉంగరం

నతానియేలు ఇడ్లీల మీద చట్నీకి బదులు కాఫీ పోసుకోబోయాడు. నాన్న ఏదో చెప్పబోతున్నాడని శాలినికి అప్పుడే తెలిసిపోయింది. తల్లి మార్త పోయిన దగ్గర్నుంచీ ఆయన మనసు చదవడానికి ఆమెకు ఆయన పళ్లెం చాలు.

"ఇవాళ బెంజ్ సర్కిల్ దాకా వస్తావా అమ్మా? ఉంగరం ఒకటి చూడాలి," అన్నాడు, ఇడ్లీలతో చెబుతున్నట్టు.

"ఎవరికి?"

"హెప్సిబా గారిని అడుగుదామనుకుంటున్నా. పెళ్లికి. నువ్వు సరేనంటేనే."

హెప్సిబా వాళ్ల చర్చిలో పాటలు నేర్పే ఆవిడ. భర్త పోయి చాలాకాలమైంది.

"కొత్తది దేనికి నాన్నా, దండగ. అమ్మ ఉంగరం బీరువాలో ఊరికే పడుందిగా. అదే ఇచ్చెయ్యి."

తగలాలనే అంది. తగిలింది. నతానియేలు పళ్లెం పక్కకి జరిపాడు.

"అది నీది. దాని జోలికి నేను రాను. ఇప్పుడు బంగారం కూడా కొనట్లేదు. వన్ గ్రామ్ గోల్డ్‌ది చూద్దామని."

"గిల్టు ఉంగరం పెట్టి పెళ్లి అడుగుతావా? అందరూ నవ్వుతారు."

"అందర్నీ అడగట్లేదుగా. బంగారం పెడితే ఆవిడ కాదనడానికి మొహమాటపడుతుంది. ఇదైతే నవ్వేసి తిరిగిచ్చేయొచ్చు. ఒప్పుకుంటే ప్రధానానికి అసలుది ఆవిడే ఎంచుకుంటుంది. అప్పటిదాకా ఇది."

కాదనే వీలు కూడా ఎదుటివాళ్లకు అమర్చిపెట్టే మనిషితో పోట్లాడటం మహా కష్టం. అందుకే శాలినికి కోపం ఇంకా పెరిగింది.

"అమ్మని ఎంత తొందరగా మర్చిపోయావు నాన్నా," అంది.

ఆయన లేచి చొక్కా మార్చుకోవడానికి వెళ్లాడు. అడ్డు చెప్పాలన్నా పక్కన ఉండాలి కదా అని శాలిని కూడా చెప్పులేసుకుంది.

షాపులో అమ్మాయి ఉంగరాల ట్రే తీసి ముందు పెట్టింది. "సైజు ఎంతండీ?"

నతానియేలు తడుముకోకుండా ఒకటి తీశాడు. "ఇది సరిపోద్దమ్మా."

శాలిని అందుకుని వేలికి పెట్టుకుంది. కొలిచి చేసినట్టు సరిపోయింది. హెప్సిబాది బొద్దు చేయి. ఇంత సన్నటి వేళ్లు తమ ఇంట్లో ఇద్దరివే, తనవీ తల్లివీ.

"నాన్నా," అంది మెల్లగా. "ఇది అమ్మ సైజు."

ఆయన కళ్లజోడు తీసి తుడవబోయి, తుడవాల్సింది అద్దాలు కాదని తెలిసి ఆగిపోయాడు.

"ఉంగరం అనేసరికి చేయి అటే పోయింది," అన్నాడు. "పద, వెళ్లిపోదాం. ఈ బుద్ధితో అడిగితే ఆవిడకి అన్యాయం చేసినట్టే."

పొద్దున తనన్న మాట శాలినికి ఇప్పుడు తగిలింది. ఉంగరం తీసి ట్రేలో పెట్టింది. ఆదివారం ఆరాధన కాగానే హెప్సిబా తన చేయి పట్టుకుని పలకరిస్తుంది. ఎప్పటికప్పుడు ఏదో పనున్నట్టు విడిపించుకుంటూనే ఉన్నా, ఆ చేయి ఎంతుంటుందో తన చేతికి తెలుసు.

"నా బొటనవేలికి పట్టేది చూపించండి," అంది షాపు అమ్మాయితో.

నతానియేలు కూతురి భుజం పట్టుకుని నిలబడ్డాడు.

ఉంగరం తీసుకుని బయటికొచ్చాక శాలిని అడిగింది, "నువ్వు అడిగేటప్పుడు నేను కూడా రావాలా?"

"వద్దులే అమ్మా. సిగ్గు."

"అయితే అడగ్గానే నాకు ఫోన్ చెయ్యి." ఆమె ఆయన చొక్కా కాలరు సరిచేసింది. "కాదన్నా సరే, చెయ్యి నాన్నా. ఒక్కడివే ఇంటికి రావద్దు. నేనొచ్చి తీసుకొస్తా."