ఎడమ కాలి చెప్పు

బొమ్మల ప్రదర్శనలు జరిగే ఆ హాలును ఊడ్చే ఆవిడను అందరూ చీపురక్క అనేవారు. ఆమె కూడా ఆ పేరుకే పలికేది. ఆమె తుడిచిన నేల మీద మొహం చూసుకోవచ్చు. పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. చిక్కల్లా బొమ్మలతోనే.

అక్కడ పెట్టేవి రాతి బొమ్మలు కావు. పగిలిన బకెట్లు, తుప్పు పట్టిన గొళ్ళేలు, విరిగిన కుర్చీ కాళ్ళు... వీధిలో దొరికినవాటినే ఏరుకొచ్చి, అతికి, బొమ్మలంటారు. కిందటి నెల ఒక మూల పోగుపడ్డ నలిగిన కాగితాలను చీపురక్క ఎత్తి పారబోసింది. తీరా అది ఒక పెద్దమనిషి ఆరు నెలల కష్టమట.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే మర్నాటి నుంచి రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు.

"నీ చీపురు కూడా ఎక్కడపడితే అక్కడ ఆనించకు చీపురక్కా. లైటేసి, పేరు రాసి పెట్టేస్తారు" అని వాచ్‌మన్ నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. తాగొచ్చి కొట్టే మొగుడు పోయి రెండేళ్ళు. అతనున్నన్నాళ్ళూ ఆ ఒంటిగది ఇంట్లో తల్లీకూతుళ్ళవి గుసగుసలే. అతను పోయాకే పదకొండేళ్ళ కూతురు గొంతెత్తి పాఠాలు చదవడం మొదలుపెట్టింది. సాయంత్రం సందు మొదట్లోనే ఆ గొంతు చెవిన పడితే చీపురక్క అలసటంతా ఎగిరిపోయేది. ఈ పని పోతే ఆ గది పోతుంది. గది పోతే బావగారి పంచన చేరాలి, మళ్ళీ గుసగుసలు.

ఈసారి వచ్చిన బొమ్మ ఒక మగమనిషి. తలకు సొట్టలు పడ్డ టీ కెటిల్, పక్కటెముకలకు కిటికీ చువ్వలు, వేళ్ళకు తాళంచెవులు. ఒక కాలు స్టూలు కోడు, రెండో కాలు సైకిల్ పంపు. 'ఇంటికొచ్చేవాడు' అని పేరు. చేసిన కుర్రాడు పంపు కింద కట్టాల్సిన చెప్పును పక్కన పెట్టి, రేపు కడదామని వెళ్ళాడు. అరిగిన ఒంటి చెప్పు. చీపురక్క దాన్ని చెత్తలో వేసింది. చెత్తబండి పట్టుకుపోయింది.

అది బొమ్మదని తెలియగానే ఆమె వీధిలోకి పరుగెత్తింది; బండి అప్పటికే వెళ్ళిపోయింది.

ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున అలాంటి చెప్పే ఒకటుంది. మొగుడు కాలవలో పడి చచ్చిపోయిన రోజు శవంతో పాటు ఇంటికి చేరిన ఎడమ కాలి చెప్పు. పారేద్దామని ఎన్నిసార్లు తీసినా మళ్ళీ అడుగునే పెట్టేది. మర్నాడు తెల్లవారుతూనే తెచ్చి, పంపు పక్కన అదే చోట పెట్టేసింది.

కుర్రాడు తేడా పట్టలేదు. తీగ చుట్టి, వెనక్కి జరిగి చూశాడు.

"అక్కా, చూశావా? నిన్నటిదాకా ముందుకు తూలేవాడు. కాలు పెట్టగానే ఎలా నిలబడ్డాడో."

"బాగుంది బాబూ" అంది. గుండె మీద బరువు దిగింది. ఆ తేలిక ఒక్క రోజే.

రెండో రోజు బొమ్మ చుట్టూ తుడుస్తుంటే బీడీ వాసన. మూడో రోజు కెటిల్ ముక్కు తలుపు వైపు తిరిగి ఉంది.

"ఎవరు జరిపారన్నా దీన్ని?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

"నాకేం పనమ్మా? నాకు వాడంటేనే పడదు. ఇంటికి పోవాల్సినవాడిలా ఎప్పుడూ తలుపుకేసే చూస్తాడు."

నాలుగో సాయంత్రం వాన పట్టుకుంది. జనం త్వరగా వెళ్ళిపోయారు. కరెంటు పోయింది. అద్దాల మీంచి బూడిద రంగు వెలుతురు జారుతోంది. తడిగుడ్డ పిండుతూ ఆమె నేల వైపు చూసింది. నిగనిగలాడే గచ్చు మీద బొమ్మ నుంచి తలుపు దాకా సన్నటి గీరలు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి...

ఆమె మొగుడికి ఎడమ కాలు ఈడ్చి నడిచే అలవాటు.

నిలబడటానికి కాలు ఇచ్చింది తనే.

చీపురక్క గుడ్డ వదిలేసి బొమ్మ ముందు చతికిలబడింది. తీగ విప్పసాగింది. ఒక చుట్టు... రెండు చుట్లు... వేలు చెప్పు లోపలికి తగిలింది.

తడిగా ఉంది. చెమట తడి. వెచ్చగా...

నెత్తి మీద తాళంచెవులు గలగలమన్నాయి. గాలి లేదు. కెటిల్ ముక్కులోంచి బీడీ వాసన ముఖాన కొట్టింది. ఆ వాసన వెంటే ఒక గుసగుస.

"పిల్ల... ఏదే?"

ఆమె కళ్ళు మూసుకుని చెప్పును ఒక్క గుంజు గుంజింది. బొమ్మ కుప్పకూలింది. చువ్వలు చెల్లాచెదురయ్యాయి. కెటిల్ దొర్లి గోడకు కొట్టుకుంది.

వాచ్‌మన్ టార్చితో పరుగెత్తుకొచ్చాడు. "ఎంత పని చేశావు చీపురక్కా. ఇక నిన్ను ఉండనివ్వరు."

"ఉండనివ్వకపోతే పోనీ అన్నా" అంది. పని పోయినా పిల్ల దక్కిందనుకుంది.

దారిలో పొంగిపారుతున్న మురుగుకాలవలోకి చెప్పును విసిరేసింది. అది గిర్రున తిరిగి మునిగిపోయేదాకా చూసింది. వానలో తడుస్తూనే, రెండేళ్ళలో ఎన్నడూ లేనంత తేలిగ్గా నడిచింది.

సందు మొదట్లో ఆగింది.

పాఠాల గొంతు లేదు.

వాన హోరులో వినపడలేదేమో అనుకుంది. నడక పరుగైంది. తలుపు కొట్టబోతే అదే కొద్దిగా తెరుచుకుంది. తలుపు సందులోంచి కూతురు తొంగి చూసింది. పెదాల మీద వేలు.

"మెల్లగా అమ్మా..."

"ఏమైందే? చదువుకోవడం లేదేం?"

"ష్... ఇప్పుడే పడుకున్నాడు."

చీపురక్క తలుపు ఇంకాస్త తోసింది. పిల్ల భుజం మీంచి గదిలోకి చూసింది. లాంతరు వెలుగులో గోడ వారగా చాప పరిచి ఉంది. చాప మీద ఎవరూ లేరు. దిండు మాత్రం ఉంది. దిండు మధ్యలో తల ఆనించినంత గుంట.

ఆమె చూస్తుండగానే ఆ గుంట మెల్లగా... ఇటువైపు తిరిగింది.