ముప్పై పుట్టీల కింద బూడిద

నలువైపులా ఏరు పారే లంక మీద కుశలపురం అనే చిన్న రాజ్యం ఉండేది. ఒక ఏడు జలరాక్షసుడు ఆ ఏటికి శాపం పెట్టాడు. "పున్నమి రాత్రి లంక మునుగుతుంది. ఆలోగా మీరు కొత్తగా అల్లిన పుట్టీలలో, ఒక్కో పుట్టి ఒక్కసారే దాటేలా, జనమంతా అవతలి గట్టు చేరితే శాపం వీడుతుంది. నీరు కారిన పుట్టిలో ఉన్నవాళ్ళు మాత్రం చేపలవుతారు!"

వెదురుతో అల్లి, తోలు కట్టి, గుగ్గిలం పూసిన గుండ్రని పడవే పుట్టి. మంత్రి తొందరపెట్టాడు. గుగ్గిలం ఆరకముందే మొదటి పుట్టిని ఏట్లోకి దించారు. అందులో ఎక్కిన యువరాజు రుద్రకేతూ, తొమ్మిది మంది భటులూ నడి ఏట్లో చేపలయ్యారు.

ఇంకా మూడువందల మంది మిగిలారు. పుట్టికి పది మంది చొప్పున ముప్పై పుట్టీలు కావాలి. గడువు పదమూడు రోజులు.

మేదరుల పిల్ల నూకాలు తన అవ్వ పని చూస్తూ కూర్చుంది. అవ్వ నెలకొక్క పుట్టి అల్లేది.

"అవ్వా, నీ పుట్టి మునగదు. అది పూర్తయ్యేలోగా మన లంకే మునుగుతుంది."

"నోరు పెద్దదైందే నీకు! పోయి అడవిలో మునిని అడుగు, నా పని తప్పయితే."

నూకాలు అవ్వ పాత పుట్టిలోనే ఏరు దాటింది. వెదురు పొదల దగ్గర ఒక ముసలి ఎలుగు అడ్డుపడింది.

"లేత వెదురు కావాలా? ఇట్టే వంగుతుంది. ఎంతైనా కొట్టుకో."

"లేతది నానితే కుళ్ళుతుంది తాతా. ముదురుదే ఇయ్యి, చాలినంతే."

ఎలుగు నవ్వి దారి ఇచ్చింది. నూకాలు అడవిలోకి మోసుకొచ్చిన పుట్టిని ముని తడిమి చూశాడు.

"దీనికి నీళ్ళు తగిలేది ఎంత మేర?"

"జానెడు, స్వామీ."

"అవ్వ ఎక్కువ రోజులు అల్లింది ఎక్కడ?"

నూకాలు పుట్టి అంచు చూసింది. అంతా వెదురుతో అల్లిన పూలే! అడుగుకు మూడు రోజులు, పూలకు మిగతా నెలంతా. ఆమెకు దారి దొరికింది.

వెదురు మోపులతో తిరిగి వచ్చేసరికి పది రోజులే మిగిలాయి. నూకాలు ఊరివాళ్ళను పది జట్లు చేసింది. అంచుకు పూలు వద్దంది. అడుగు మాత్రం అవ్వ చెప్పినట్టే అల్లించింది. మూడు రోజులకు పది చొప్పున తొమ్మిదో రోజుకు ముప్పై పుట్టీలు సిద్ధమయ్యాయి. మేదరుల ఆచారం ప్రకారం వాటిని రాళ్ళ మీద ఎత్తి, లోపల నీళ్ళు పోసి, కింద పొడి బూడిద చల్లారు. ఒక పుట్టి కింద బూడిద చుక్కంత తడిసింది.

"ముప్పైలో ఒకటేగా! వదిలెయ్యి," అన్నాడు మంత్రి.

"ఆ ఒక్కదాంట్లోనూ పది మంది ఉంటారు దొరా."

నూకాలు గుగ్గిలం గీకి మళ్ళీ పూసింది. ఆరేదాకా కదలలేదు.

పున్నమినాడు పొద్దున్నే జనమంతా పుట్టీలెక్కారు. నడి ఏట్లో రాక్షసుడు ముప్పై పుట్టీలనూ కుదిపి చూశాడు. చుక్క కారలేదు. ఆఖరి మనిషి గట్టు మీద కాలు పెట్టగానే రాక్షసుడు నురగై కరిగిపోయాడు. పది చేపలు గట్టుకెగిరి మనుషులయ్యాయి.

యువరాజు కోరగా, నూకాలు ఒప్పుకోగా, నెల తర్వాత పెళ్ళి నిశ్చయమైంది. ఆ నెలంతా అవ్వ పెళ్ళికూతురు ఎక్కే పుట్టి అంచుకు తీరిగ్గా పూలు అల్లింది. ముహూర్తం ముందు నూకాలు దానిలో నీళ్ళు పోసి, కింద బూడిద చల్లబోయింది.

"నా పుట్టికే బూడిదా?"

"ముప్పైకీ చల్లాం కదవ్వా!"

బూడిద తడవలేదు. ఆ తర్వాతే పెళ్ళికూతురు పుట్టి ఎక్కింది.