ఆఖరి స్తంభం పక్క కారు

ఇందులో ఏది ముందో, ఏది వెనకో కాస్త అటూ ఇటూ కావచ్చు. మా తమ్ముడు ఇది నాకు చెప్పి చాలా ఏళ్ళయింది. ఈమధ్య నా బుర్రలో ఏదీ పెట్టినచోట ఉండటం లేదు. ఆ రాత్రి సంగతి మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ పదంతస్తుల భవనం కింద మూడు పార్కింగ్ అంతస్తులుండేవి. అట్టడుగు అంతస్తులో, ఆఖరి స్తంభం పక్క చోటుకి మంచిపేరు లేదు. దానికి అటూ ఇటూ ఖాళీ ఉన్నా ఎవరూ బండి పెట్టేవారు కాదు. బాగా పొద్దుపోయాక అక్కడ ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినపడుతుందట... కాసేపటికి ఆగిపోతుందట.

వాచ్‌మన్ తాతయితే కళ్ళారా చూశానన్నాడు. అక్కడుండే ఎర్ర స్పోర్ట్స్ కారు ఒక రాత్రి దానంతటదే ఏటవాలు దారి ఎక్కి వెళ్ళిపోయిందట. స్టీరింగ్ తిరుగుతోంది — సీట్లో తల లేదు.

"పడుకునేముందు ఏం మాత్రలు వేసుకుంటున్నావు తాతా?" అని మా తమ్ముడు నవ్వాడు. నవ్వాడే గాని, ఆ రాత్రి అతనికి కంటిమీద కునుకు లేదు. ఎందుకంటే, ఆ కారు కదలడానికి వీల్లేదని తెలిసినవాడు అతనొక్కడే.

తమ్ముడు మెకానిక్. ఆ కారు, అదే భవనం పై అంతస్తులో కాపురముండే కంటి డాక్టరుది. అలాంటి కారున్నవాళ్ళు చలికాలమంతా ముసుగేసి పడుకోబెడతారు. ఈయన వానలో, మంచులో, ఏడాది పొడుగునా దాన్లోనే తిరిగేవాడు. ఆస్పత్రికి అదే, కూరగాయలకీ అదే. ఏటా ఇంజిన్ ఆయిలు, రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిలు, చలి మొదలవగానే చల్లటి రోడ్డు మీద జారని మెత్తటి టైర్లు... తేదీ తప్పితే ఒప్పుకునేవాడు కాదు. పెళ్ళిరోజు మరిచిపోతారు గాని ఇది మరవరని భార్య దెప్పేది.

అలాంటి మనిషి జబ్బుచేసి మంచానపడ్డాడు. తమ్ముణ్ణి పిలిచి రెండో తాళం చేతిలో పెట్టాడు.

"మేస్త్రీ, వారానికోసారి ముప్పై కిలోమీటర్లు తిప్పు. ఆయిలు వేడి చూపే ముల్లు మధ్యకొచ్చేదాకా తొందరపెట్టకు. నిలబెట్టి చంపకు దాన్ని."

ప్రతి ఆదివారం సాయంత్రం మీటరు అంకె ఫోనులో చెప్పాలని మాట తీసుకున్నాడు.

ఐదు వారాలు తిప్పాడు. ఆరో వారానికి చలి ముదిరింది, పైన వాన. టైర్లు మార్చాల్సింది తమ్ముడే. రేపు మాపు అంటూ జరిపాడు. మలుపులో కారు గిర్రున తిరిగి, గోడకి జానెడు దూరంలో ఆగింది. గీతైనా పడలేదు. కాని ఆ కారంటే అతనికి భయం పట్టుకుంది. కారు తెచ్చిపెట్టి ముసుగు కప్పేశాడు. అంతే — మళ్ళీ ఆ చోటికి పోలేదు.

ఆదివారం వచ్చింది. నిజం నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. పోయిన వారం అంకెకి ముప్పై కలిపి చెప్పేశాడు. అవతల డాక్టరు కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినపడింది.

ఆ పై వారం మరో ముప్పై... అలా ముప్పై అయిదు వారాలు.

చివరి ఆదివారం డాక్టరు గొంతు బాగా సన్నబడిపోయింది. రేపు పొద్దున తనని కుర్చీలో కిందికి దింపి, పక్క సీట్లో కూర్చోబెట్టుకొని ఒక్క చుట్టు తిప్పమన్నాడు. దాని చప్పుడు ఒక్కసారి వినాలని ఉందన్నాడు.

ఎనిమిది నెలలు నిలబడ్డ కారు! బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. టైర్లు ఒకవైపు అణిగిపోయి ఉంటాయి. తమ్ముడు చార్జరు, గాలి పంపు సంచిలో వేసుకొని, భార్యకి కూడా చెప్పకుండా, అర్ధరాత్రి దాటాక బయల్దేరాడు.

అట్టడుగు అంతస్తు. సగం దీపాలు వెలగడం లేదు. తన అడుగులే తనకి వేరేవాళ్ళవిలా వినపడుతున్నాయి.

ఆగాడు.

ఊపిరి... ఎవరో ఊపిరి తీస్తున్నారు. ఆఖరి స్తంభం దగ్గర.

కారు మీద ముసుగు లేదు. ఆ కారుకి ఇంజిన్ వెనకే ఉంటుంది. వెనక మూత మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు — వేడి. ఊపిరి అనుకున్నది, బండి ఆపాక కూడా కాసేపు తిరిగి ఇంజిన్ని చల్లబరిచే ఫ్యాను. నడిచొచ్చిన బండికి తప్ప అది తిరగదు.

తలుపు తీసి, వంగి, తాళం తిప్పాడు. మీటరు వెలిగింది.

నలభై రెండు వేల మూడువందల పది.

సాయంత్రం తాను ఫోనులో చెప్పిన అబద్ధం... అంకె పొల్లుపోకుండా అక్కడుంది.

వెనక చెప్పుల చప్పుడు. తిరిగి చూశాడు. చీకట్లోంచి డాక్టరుగారి పొడుగాటి కోటు నడిచొస్తోంది. డాక్టరు మంచం మీదనుంచి లేవలేడు. కోటుకి... పైన తల లేదు.

తమ్ముడు తలుపు పట్టుకొని అలాగే నేల మీద కూలబడ్డాడు.

కోటు ఆగింది. చేతుల్లో మడతపెట్టిన కారు ముసుగు కిందికి దిగింది. దాని వెనక డాక్టరుగారి భార్య ముఖం.

"లే, మేస్త్రీ," అంది నెమ్మదిగా. "ఈ వారం ముప్పై అయిపోయింది."

ఆవిడ పొట్టి మనిషి. సీటు మాత్రం ఆయన పెట్టుకున్నట్టే ఉంచిందట, ఒక్క గాటు కూడా జరపకుండా. బయటినుంచి చూస్తే తల కనపడకపోవడంలో వింతేముంది? ఒక ఆదివారం ఆయన కాగితం మీద రాసుకున్న అంకె చూసి, ఏదో పనిమీద కిందికొచ్చి మీటరు చూసిందట. ఆ రెంటికీ పొంతన లేదు. అప్పట్నుంచి ఆయనకి మందు పడి నిద్రపట్టాక, ఆయన కోటు తగిలించుకొని దిగివచ్చి, అంకె కలిసేదాకా తిప్పేది.

"మీకెలా తెలుసమ్మా... ముల్లు, వేడి, ఇదంతా?"

"ఇరవై ఏళ్ళు అన్నం తింటూ విన్నాను."

"సార్‌కి చెప్పెయ్యాల్సింది," అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

"ఆదివారం కోసమే ఆయన వారమంతా బతుకుతున్నాడు. ఏమని చెప్పను?" ముసుగు ఒక అంచు అతని చేతికిచ్చింది. "వానల్లో మెల్లగానే పోయాను. రెండుసార్లు జారింది."

తమ్ముడు ఆ టైర్ల వంక చూశాడు. తాను మార్చని టైర్లు. ఆ క్షణంలో నిజంగా దెయ్యమే వచ్చి పీక పట్టుకున్నా బాగుండేదక్కా, అన్నాడు నాతో.

పొద్దున్నే డాక్టర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన కళ్ళు మూసుకొని దారి పొడుగునా విన్నాడు. దిగేముందు తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

"నీ చేతిలో పెట్టాను కనక బతికింది."

ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. తమ్ముడు నోరు తెరిచాడు... మూసేశాడు. మళ్ళీ చలికాలం రాకముందే డాక్టరు పోయాడు.

అమ్మలూ, ఇందులో కారు సామాన్ల పేర్లు నేను సరిగ్గా రాశానో లేదో మీ నాన్నని అడిగి ఒకసారి సరిచూడు. ఆదివారం సాయంత్రం మాత్రం అడక్కు. ఆ వేళకి మా తమ్ముడు డాక్టరుగారి భార్య కారుని ముప్పై కిలోమీటర్లు తిప్పి, ఆవిడ అడక్కపోయినా, మీటరు అంకె చూపించడానికి పైకి వెళ్ళి ఉంటాడు.