ఆపేసిన మెయిల్

"మా మెయిల్స్ ఆపడానికి మీకేం హక్కుందండీ?"

చెప్పుల కంపెనీలో ప్రచారం చూసే అమ్మాయి వానలో తడుస్తూ మెయిల్ సర్వీస్ ఆఫీసుకొచ్చి, ఇంజనీరు బల్ల ముందు నిలబడి అడిగిన మొదటి మాట అది.

"సర్వర్లు మావి. ఎవరూ అడగని ప్రకటనలు గుట్టలుగా పంపితే ఆపే హక్కు చట్టమే మాకిచ్చింది," అన్నాడు ఇంజనీరు. "కావాలంటే చదువుకోండి."

ఆమె చదువుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చి, "హక్కు మీదే. ఈ పొగరు మాత్రం చట్టంలో ఎక్కడా లేదు," అంది. అతనికి నవ్వాగలేదు. గొడవ కాఫీల్లోకి దిగింది, కాఫీలు ప్రేమలోకి దింపాయి.

ఇంతలో ఆమెకు ఇంట్లో సంబంధం చూశారు. సోమవారం మాటిచ్చేస్తారని తెలిసి, అతను ధైర్యం కూడగట్టుకుని మనసులో మాట చెప్పేశాడు. ఆమె తల వంచుకుని, "ముఖం చూసి చెప్పలేను. మెయిల్ పెడతాను," అంది.

అప్పట్నుంచి అతనికి తిండి సయించలేదు. శనివారం గడిచింది, ఆదివారమూ గడిచింది.

"ఏంట్రా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంది అమ్మ.

ఒక్క మాట అడిగేస్తే పోయేది. కానీ అడగనివి పంపి విసిగించేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. జవాబివ్వకపోవడమే ఆమె జవాబైతే, వెంటపడడానికి తనెవరు? తీసిన ఫోన్ మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ఆమె ఆఫీసుకొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చదివి కూడా నోరు మెదపలేదేం? ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పొచ్చుగా."

"ఏం చదివి?"

"శుక్రవారం పెట్టిన మెయిల్."

"నాకేం రాలేదే. ఎక్కణ్ణుంచి పెట్టారు?"

"మా ఆఫీసు నుంచి."

అతనికప్పుడు వెలిగింది. ఆ కంపెనీ నుంచి ఏదొచ్చినా పక్కకు నెట్టేసేలా సర్వర్‌లో పెట్టింది తనే. ఆపిన మెయిల్స్ తెరిచాడు. సగం ధర చెప్పుల ప్రకటనల మధ్య ఆమె పేరుంది. తను తీసిన గోతిలో తనే పడ్డాడు. దాన్ని నొక్కబోయాడు.

ఆమె స్క్రీన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టింది. "చదవొద్దు."

"అయితే... మాటిచ్చేశారా?"

"లేదు. మీరు పలక్కపోయినా, ఇంకెవర్నీ చేసుకోనని నాన్నతో చెప్పేశాను. సాయంత్రం మిమ్మల్ని తీసుకురమ్మన్నారు." మొదటిసారి అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "మీరంటే నాకిష్టం. ముఖం చూసే చెప్తున్నాను."

ఊపిరి కుదుటపడ్డాక, "మీ కంపెనీ మెయిల్స్ ఇక రానివ్వమంటారా మరి?" అన్నాడు.

"ఎందుకు? అడగనివి పంపడం మావాళ్ళు ఇంకా మానలేదుగా. ఆపే ఉంచండి," అందామె కుర్చీ దగ్గరకు లాక్కుంటూ. "నా మాటలు నేనే వచ్చి చెప్తాను."