వెనక నుంచి తోసే చెయ్యి

సూర్యావతి పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ కలుపుతుంది. ఒకటి తనకి. రెండోది, చెరువు నుంచి చేపల వ్యాను రాగానే తీసుకెళ్లి దాని ముందు అద్దం దగ్గర పెడుతుంది. మొగుడు కామరాజు పోయి ఏడాదైంది. నిన్ననే సంవత్సరీకం కూడా జరిగింది. అయినా ఆ గ్లాసు మానలేదు.

సంవత్సరీకానికి వచ్చిన కూతురు లక్ష్మీదుర్గ అరుగు మీంచి చూస్తోంది. చెన్నైలో బళ్లు తయారుచేసే కంపెనీలో డిజైను ఇంజనీరు ఆవిడ.

వ్యాను వచ్చి వాకిట్లో ఆగింది. తమ్ముడు వీరేంద్ర ఇంజను కట్టేశాడు. అంతా నిశ్శబ్దం. అప్పుడు, ఎవరూ తాకకుండానే, బండి ఒక్కసారి ముందుకు తూలింది. వెనక టాంకులో ఏదో మెత్తగా, తడిగా గోడకి కొట్టుకుంది.

"చూశావా అక్కా? ఆగేక తోస్తారు. నాన్నగారే," అన్నాడు వీరేంద్ర గొంతు తగ్గించి.

"నా వీపు మీద చెయ్యేసినట్టే ఉంటుందే," అంది సూర్యావతి. ఆవిడ కళ్లలో మెరుపు. "అందుకే వారానికోసారి నేనూ ఎక్కుతాను."

లక్ష్మీదుర్గ అరుగు దిగింది. ఆ చెయ్యి ఎవరిదో తనకి తెలుసు. నాన్న పోయిన పదకొండో రోజునే తెలుసు. చెప్పలేదు, అంతే.

"ఇవాళ పి.గన్నవరం కాలవ మలుపు మీంచే వెళ్తానే అమ్మా," అన్నాడు వీరేంద్ర. " ఎన్నాళ్లు చుట్టు తిరుగుతాను?"

కామరాజు నడుపుతుండగా ఈ బండి తిరగబడింది ఆ మలుపులోనే. 'ఎవరో తోసేసేరు' అన్నది ఆయన ఆఖరి మాట.

"వెళ్లిరా నాయనా. ఆయన వెనకుంటారు."

లక్ష్మీదుర్గ ఒక్క అంగలో వెళ్లి వాడి చేతిలో బండి తాళం లాగేసుకుంది. "టాంకులో నీళ్లెంత పోశావురా?"

"నాన్నగారిలాగే. సగం."

"ఆ చేపల్ని తిరిగి చెరువులో వదిలెయ్యి. టాంకు మధ్యలో అడ్డపలకలు వేయించందే ఈ బండి కదలదు."

"నిక్షేపంలాంటి బండికి రోగం అంటగడతావేంటే?" సూర్యావతి విరుచుకుపడింది. "చదువుకున్నావని మీ నాన్నని బండిలోంచి దింపేస్తావా?"

చెబితే అమ్మ కూలిపోతుంది. చెప్పకపోతే తమ్ముడు మిగలడు.

"అమ్మా, కుళాయి రాకముందు కాలవ నుంచి బిందె మోసేదానివి. అందులో మావిడి మండ ఎందుకు వేసేదానివి?"

"తొణక్కుండా. ఆ మాత్రం తెలీదా? వెయ్యకపోతే నీళ్లు ఒకవైపుకొచ్చి మనిషిని లాగేస్తాయి."

"మనం ఆగినా నీళ్లు ఆగవమ్మా. ఆ మలుపులో సగం టాంకు నీళ్లు ఒక్కుమ్మడిగా కాలవ వైపు పరిగెత్తేయి. బరువంతా అటే వాలిపోయింది. నిండా ఉంటే వాటికి కదిలే చోటే ఉండేది కాదు."

సూర్యావతి గ్లాసు అరుగు మీద పెట్టేసింది.

"సగమే పొయ్యమంది నేనే కదే," అంది. "తేలిగ్గా ఉంటే క్షేమం అనుకున్నాను."

"అందుకే చెప్పలేకపోయేను. లోకంలో బళ్లన్నిటికీ లెక్కలు కట్టేదాన్ని, మనింటి టాంకులోకి ఒక్కసారి తొంగిచూశానా? తప్పు నీ ఒక్కదానిదీ కాదమ్మా."

సూర్యావతి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఏడాదంతా ఒక్కదానివే మోసేవా, పిచ్చిదానా?"

సాయంత్రానికి అమలాపురం నుంచి మేస్త్రీ వచ్చి, టాంకులో కన్నాల అడ్డపలకలు బిగించి వెళ్లాడు. మర్నాడు కొత్తగా చేపలెత్తుకుని ముగ్గురూ ఆ దారినే బయల్దేరారు. సూర్యావతి రెండో గ్లాసు ఒళ్లో పట్టుకుని కూర్చుంది. మలుపు వచ్చింది. బండి నెమ్మదిగా తిరిగింది. మలుపు దాటాక వీరేంద్ర బ్రేకేశాడు.

సూర్యావతి వీపు సీటుకి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎదురుచూసింది.

బండి ఆగింది. ఆగిపోయింది. వెనక ఒక చేప తోక ఆడించిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"దిగిపోయేరే," అంది సూర్యావతి, కాలవ వైపు చూస్తూ. "మీ నాన్న ఇక్కడే దిగిపోయేరు."

ఏడాదిగా లేని ఏడుపు ఏడ్చింది. ఆ తర్వాత పమిటతో మొహం తుడుచుకుని, ఎవరూ తాగని ఆ గ్లాసు కొడుకు చేతికిచ్చింది.

"చల్లారిపోతోంది. తాగరా."