కలిసిన వ్యక్తి పేరు

ఉదయం ఏడు కాకముందే లువా అత్తగారికి ఎండుచేపతో గంజి పెట్టి, గిన్నెలు కడిగి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుంది. ప్లాస్టిక్ ఫైలు సంచిలో పెట్టుకుని బండి తాళాలు అందుకుంది. ఐదు నెలలుగా ఇదే వరస. పదిహేడేళ్లు బూట్ల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి ఆమె. ఆ ఫ్యాక్టరీ ఒకేసారి ఎనిమిది వందల మందిని తీసేసిన నాటి నుంచి, ఉద్యోగం లేకపోయినా ఉద్యోగానికి వెళ్తున్నట్టే రోజూ తయారవుతోంది.

"ఇవాళ ఎక్కడికమ్మా?" అంది అత్తగారు, గంజి ఊదుకుంటూ.

"రెండో పారిశ్రామికవాడకి, అత్తయ్యా. మధ్యాహ్నానికి వచ్చేస్తా."

"నిన్న కూడా అక్కడికే అన్నావు."

"నిన్న ఇటువైపు ఫ్యాక్టరీ గేట్లు. ఇవాళ అటువైపువి."

"ఎన్ని గేట్లో తల్లీ. మన బియన్ హోవా ఊళ్లో ఇన్ని గేట్లున్నాయని నాకింతవరకూ తెలీదు."

లువా బండి బయటికి తోసుకుంది. శబ్దం వీధి మలుపు దాటేదాకా ఆగి, ముసలావిడ కొడుకు వైపు తిరిగింది. ఆ వీధిలో అందరూ ఆమెను బయ్ మామ్మ అంటారు. ఆవిడ చెవిన పడని సంగతి ఆ వీధిలో ఉండదు. పడ్డాక నోటి దగ్గర ఆగిన సంగతీ లేదు.

"ఒరే తోవాన్, మూడో గదిలో ఉండేదే, ఆ బొద్దుగా ఉండే పిల్ల. నిరుద్యోగ భృతి తీసుకుంటూనే ఎక్కడో షర్టులు కుట్టేదట. పట్టుకుని మొత్తం వెనక్కి కట్టించారు. తెలుసా?"

"తెలుసమ్మా."

"నీ పెళ్లాం కూడా అలాంటిదేదో చేస్తోందేమో చూసుకో. ఇంట్లోకి మాత్రం ఆ డబ్బు రావట్లేదు. మరి కమావ్‌లో వాళ్ల పుట్టింటికి పోతోందేమో."

"ఊరుకో అమ్మా," అన్నాడు తోవాన్. అన్నాడే గానీ, ఐసు కాఫీలో గడ్డలు కరిగి నీళ్లయినా గ్లాసు ఎత్తలేదు.

అతను అట్టపెట్టెల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఆ జీతంతో తిండి గడుస్తుంది. గది అద్దె, తల్లి షుగరు మందులు లువాకు వచ్చే నిరుద్యోగ భృతి మీదే నడుస్తున్నాయి. ఆ భృతి ఊరికే రాదు. ప్రతినెలా తనకిచ్చిన తారీఖున ఆమె స్వయంగా ఉపాధి కేంద్రానికి వెళ్లి, ఆ నెలలో ఏయే కంపెనీల్లో పని అడిగిందో కాగితం మీద రాసివ్వాలి. ఆ రోజు తప్పితే ఆ నెల డబ్బు ఆగిపోతుంది. ఇంకో రెండు నెలలు వస్తుంది. ఆ తర్వాత అదీ ఉండదు.

తల్లి అన్న మాట తోవాన్‌కి ఆ రోజంతా గేటు దగ్గర గుర్తొస్తూనే ఉంది. నిజమే, ఇన్నాళ్లు తిరుగుతోంది, ఒక్క చోటా ఎందుకు తీసుకోలేదు? ఒకవేళ తిరగడం లేదేమో. తిరగకపోతే పొద్దున్నే అంత శుభ్రంగా తయారై ఎక్కడికి వెళ్తోంది? అనుమానం మనిషికి భలే ఓపిక నేర్పుతుంది. మర్నాడు లువా స్నానానికి వెళ్లినప్పుడు అతను బండి మీటరు చూసి, అంకె అరచేతి మీద రాసుకున్నాడు. సాయంత్రం మళ్లీ చూశాడు. ముప్పై ఒక్క కిలోమీటర్లు.

"ఇవాళ ఎంత దూరం వెళ్లావేంటి?" అన్నాడు, అన్నం తింటూ, ఏదో మామూలుగా అడిగినట్టు.

"చాలానే తిరిగాను."

"ఎవరైనా పిలిచారా లోపలికి?"

"ఒక చోట పేరు రాసుకున్నారు. ఫోన్ చేస్తామన్నారు."

"ఏ కంపెనీ?"

లువా తలెత్తి అతని మొహంలోకి చూసింది. "నువ్వెప్పుడూ కంపెనీ పేరు అడగవే," అంది. అతను చేప ముల్లు తీసుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఆ తర్వాతి రోజు ముప్పై నాలుగు. బండి తిరుగుతున్నట్టు తేలింది, ఇంకెవరైనా అయితే అక్కడితో కుదుటపడేవాళ్లు. తోవాన్‌కి అది ఇంకో ప్రశ్న అయింది. ఇంత తిరుగుతోందంటే ఎవరి దగ్గరికి వెళ్తోంది? పద్దెనిమిదేళ్ల కాపురంలో భార్య గురించి ఇలాంటి మాట మనసులో అనుకోవడం అతనికి అదే మొదటిసారి. సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే ఆ రాత్రి ఆమె సంచి వెతికాడు. గొడుగు, మాస్కులు, రెండు పెన్నులు తప్ప ఏమీ దొరకలేదు.

ఇరవై నాలుగో తారీఖు వచ్చింది. ఆమె కేంద్రానికి వెళ్లాల్సిన రోజు. తోవాన్‌ది మధ్యాహ్నం డ్యూటీ. లువా గుడ్డలు ఆరేయడానికి వెనక్కి వెళ్లినప్పుడు, బల్ల మీద ఉన్న కాగితం అతను తీశాడు. ఆమె గుండ్రటి దస్తూరీ. మొదట ఒక దుస్తుల కంపెనీ. ఆ కింద ప్లాస్టిక్ బొమ్మలవాళ్లు. మూడో వరుస దగ్గరికొచ్చేసరికి అతని చూపు ఆగిపోయింది. అక్కడున్నది అతను పనిచేసే అట్టపెట్టెల కంపెనీ పేరు. పదకొండో తారీఖు. అడిగిన పని, ప్యాకింగ్. ఫలితం, తీసుకోలేదు.

పదకొండో తారీఖున ఆ గేటు దగ్గర పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఉన్నది అతనే.

లువా లోపలికి వచ్చేసరికి అతని చేతిలో కాగితం ఉంది, పక్కన తల్లి నిలబడి ఉంది.

"ఇక్కడికెప్పుడెళ్లావు?"

లువా ఆ వరుస చూసింది. "రాసి ఉందిగా. పదకొండున."

"ఆ రోజు గేటు దగ్గర నేనున్నాను. నా కళ్లుగప్పి లోపలికెళ్లావా? ఎవర్ని కలిశావు? ఇక్కడ కలిసిన వ్యక్తి పేరు, హోదా రాయాలి. మిగతా అన్ని చోట్లా రాశావు. దీనికొక్కదానికే ఖాళీ ఎందుకు?"

"ఆ కాగితం ఇటివ్వు. టైమవుతోంది."

"నేను ముందే చెప్పాను," అంది బయ్ మామ్మ. "గేట్లు గేట్లు అంటే ఇదా. వీధి చివర జిరాక్సు కొట్టులో కంపెనీల పేర్లు చూసి రాసుకొస్తారంట, విన్నాను."

"అత్తయ్యా, మీరు కాసేపు ఆగండి."

"ఎందుకాగాలి?" అన్నాడు తోవాన్. గొంతు పెద్దదైంది. "ఇదొక్కటీ అబద్ధమని నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నా. మిగతావి ఎన్ని అబద్ధాలో ఎవరికి తెలుసు? రోజూ ముప్పై కిలోమీటర్లు ఎక్కడ తిరుగుతున్నావు? ఎవరున్నారు అక్కడ?"

"మీటరు చూస్తున్నావా?"

అతను చేతికందిన పెన్ను తీసుకుని, మూడో వరుస మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టాడు. "దొంగ లెక్కలు నా కంపెనీ పేరు మీద వద్దు," అన్నాడు.

లువా ఆ గీతలకేసి చూస్తూ కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. పక్కింటివాళ్ల గురించి చెప్తున్నంత మామూలుగా మొదలుపెట్టింది.

"తొమ్మిదిన్నరకి వచ్చాను. ముగ్గురం వచ్చాం. ఫ్యాక్టరీలో నా పక్క మిషను హోవా అక్క, ఆవిడ ఆడపడుచు, నేను. మీ దగ్గర ప్యాకింగుకి మనుషులు కావాలని హోవా అక్క ఎవరి దగ్గరో వింది. నువ్వు కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నావు. స్ట్రా వేసుకుని కాఫీ తాగుతున్నావు. అక్క అడిగింది, తమ్ముడూ, పనులున్నాయా అని."

తోవాన్ చేతిలో పెన్ను అలాగే ఉంది.

"నువ్వు తలెత్తలేదు. ఎత్తినా గుర్తుపట్టేవాడివి కాదులే. ఎండకి ముగ్గురం తల కప్పే టోపీకోట్లు, మాస్కులు, కళ్లజోళ్లతో ఉన్నాం. నా కోటు నువ్వు కొనిచ్చిందే, గులాబీ పూలది. అలాంటివి వేసుకున్నవాళ్లు నీ గేటు ముందు రోజుకి నాలుగు వందల మంది పోతారు, అందుకు నిన్నేం అనను. నేను మాస్కు తీయబోయాను. నన్ను చూస్తే లేచి నిలబడతావనుకున్నా. లోపలికి ఫోన్ చేసి, మా ఆవిడ వచ్చింది, పనిమంతురాలు అని చెప్తావనుకున్నా. ఆ మాట వినాలని ఇంట్లో నీకు చెప్పకుండా వచ్చాను."

"లువా..."

"ఈలోపు నువ్వు అన్నావు. బోర్డు మీద ముప్పై అయిదు లోపని రాసుంది, చదువు రాదా? ఇక్కడ అమ్మమ్మల్ని కూర్చోబెట్టి మేపరు, ఇంటికి పోయి మనవళ్లని ఆడించుకోండి. అలా అన్నావు. అని నవ్వావు కూడా. పక్కన ఇంకో గార్డు ఉన్నాడు, అతను కూడా నవ్వాడు."

తోవాన్‌కి ఆ రోజు గుర్తు రాలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఆ మాట మాత్రం గుర్తొచ్చింది. అది అతను వారానికి నాలుగైదుసార్లు అనే మాట. బాగా పేలిందని తనే అనుకునే మాట.

"అప్పుడే ఎందుకు మాస్కు తీయలేదు?" అన్నాడు.

"తీస్తే, అది నన్నే అన్నావని నీకు తెలిసిపోయేది. తర్వాత ఇంట్లో నా మొహం ఎలా చూస్తావు? అందుకే తిరిగి వెళ్లిపోయాను. సాయంత్రం నీకు చేపల పులుసు పెట్టాను. నువ్వు బాగుందన్నావు. ఐదు నెలల్లో నలభై గేట్లు చూశాను. అందరూ ఇలాగే అన్నారు, ఇంతకంటే ఎక్కువే అన్నారు. వాళ్లన్నది ఇంటికొచ్చేలోపు మర్చిపోయేదాన్ని. వాళ్లెవరూ నా మొగుళ్లు కాదుగా."

అప్పుడు ఏడ్చింది. ఐదు నెలల ఏడుపు ఒక్కసారే వచ్చింది. తోవాన్ నేల మీద, ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. బయ్ మామ్మ ఇద్దర్నీ చూసి, ఏదో అనబోయి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది. లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి కోడలి చేతికిచ్చింది.

"తాగమ్మా. నాది పాడు నోరు," అంది. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగి, "లే. బండి తియ్యి. ఆఫీసు మూసేస్తే అద్దె నువ్వు కడతావా?" అంది.

కేంద్రం ముందున్న జిరాక్సు కొట్టులో కొత్త కాగితం కొన్నారు. ఈసారి తోవానే రాశాడు. కొట్టు గట్టు మీద కాగితం పెట్టి, పాతది చూసి ఒక్కో వరుసా ఎక్కించాడు. మూడో వరుస దాకా వచ్చి ఆగాడు.

"అది వదిలెయ్యి," అంది లువా. "మిగతావి చాలు."

అతను వదల్లేదు. కంపెనీ పేరు రాశాడు, తారీఖు రాశాడు, ఫలితం రాశాడు. ఖాళీగా ఉన్న చోట పెన్ను పెట్టి, తన పూర్తి పేరు రాశాడు. హోదా దగ్గర గార్డు అని రాసి, ఫోన్ నంబరు కూడా వేశాడు.

కేంద్రంలో కిటికీ దగ్గరి అమ్మాయి కాగితం చదువుతూ మూడో వరుస దగ్గర ఆగింది. "ఇక్కడ మీరు కలిసింది హెచ్.ఆర్. వాళ్లని కాదా? గార్డునేనా?"

"గార్డునే," అంది లువా.

"ఈ నంబరుకి ఫోన్ చేస్తే ఆయన చెప్తారా, మీరు వచ్చినట్టు?"

లువా పక్కనే నిలబడ్డ భర్త వైపు చూసింది. తోవాన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, కిటికీ దగ్గరికి ఒక అడుగు వేశాడు.

"ఫోన్ అక్కర్లేదమ్మా," అన్నాడు. "వచ్చింది. నేనే చూడలేదు."