అరువిచ్చిన గొంతు

కోటమ్మ వంటింట్లో కూర్చుని గోంగూర తుంచుతోంది. అదే సమయంలో పక్కగదిలో మనవరాలి చెవిలో భౌతికశాస్త్రం కూడా చెబుతోంది. మిద్దె మీంచి గుమ్మడికాయ వదిలితే కిందికొచ్చేకొద్దీ వేగం పెరగదూ, ఇదీ అంతే బంగారూ, అంటోంది.

నరసరావుపేటలో అప్పటికి ఇదేమీ వింత కాదు. ఇంటర్ రెండో ఏడు పిల్లలందరికీ చెవిగురువులుండేవి. శనగగింజంత పరికరం. పిల్లకు ఏది తెలియదో కనిపెట్టి, దాన్నే మెల్లగా చెబుతుంది. ఎవరి గొంతుతో చెబితే బుర్రకెక్కుతుందో కూడా అదే వెతుక్కుంటుంది. తల్లుల గొంతు చూసింది, మాస్టర్ల గొంతు చూసింది, చివరికి చాలామందికి నాయనమ్మ గొంతో అమ్మమ్మ గొంతో నప్పింది. ఐదో తరగతి దాటని కోటమ్మ చేత ఒక పూటంతా మాట్లాడించి, ఆ గొంతు అరువు తీసుకుపోయారు. ఆమెకు రాని చదువంతా ఆమె గొంతుతోనే చెప్పించారు. అప్పటినుంచీ రాష్ట్రంలో ప్రవేశపరీక్ష మార్కులు ఏటేటా పెరుగుతూనే వచ్చాయి. రేపటి పరీక్షలో పిల్లకు ఎన్ని వస్తాయో ఇవాళే చూపించే గోడగీత ఒకటి ప్రతి ఇంటి హాల్లోనూ వెలుగుతుండేది. కోటమ్మ మనవరాలు ప్రణతిదైతే మెడిసిన్ సీటుకు కావలసిన ఎర్రచుక్కకు పైనే ఉండేది. కొడుకు సాంబశివ ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే దాని వంక చూసేవాడు.

ఆ మధ్యాహ్నం పప్పుకు తాలింపు పెట్టి కోటమ్మ కేకేసింది.

"అమ్మడూ, అన్నం తిందువు రా."

"మూడోది," అంది లోపల్నుంచి ప్రణతి.

"మూడోదేంటే? ఉన్నది పప్పొకటే."

ప్రణతి గుమ్మంలోకొచ్చి సిగ్గుపడింది. ప్రశ్న అడుగుతున్నారనుకుందట. ఏ గొంతు చెవిలోదో, ఏది ఇంట్లోదో ఒక్కోసారి తేలడం లేదట.

ఆ పూటంతా కోటమ్మకు అదే ఆలోచన. తన వాగుడు అడ్డమొచ్చి పిల్ల సీటు పోతే? చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలితే కోటమ్మ వాళ్లమ్మ మౌనం పట్టేది, తగ్గేదాకా నోరు విప్పేది కాదు. తెల్లారి తలస్నానం చేసి, కోటప్పకొండ దిక్కుకు తిరిగి, పరీక్ష అయ్యేదాకా మాట్లాడనని మొక్కుకుంది. సాంబశివ పొంగిపోయాడు. అమ్మ ఇన్నాళ్లకు మంచిపని చేసిందన్నాడు.

పిట్టగోడ అవతలి మస్తానమ్మకు ఈ సంగతి సైగ చేయబోతే, ఆమె ముందే వేలు పెదాల మీద పెట్టుకుంది. ఆమె మనవడిదీ ఇదే చదువు మరి. కూరల బండి దగ్గర ముసలమ్మలంతా వేళ్లతోనే బేరాలాడుతున్నారు. ఈ ఉపాయం తనొక్కదానికే తట్టిందని ఎవరికి వారికి నమ్మకం.

కొన్నాళ్లకు గోడగీత వంగింది. తర్వాత ఎర్రచుక్క కిందికి జారింది. ప్రణతిదే కాదు, రాష్ట్రమంతా అదే వరస. అధికారులు ఎండల్ని అనుమానించారు, నీళ్లను అనుమానించారు. పరికరాలు మార్చారు. సాంబశివ చెవిగురువు పాఠాన్ని మరో రెండు గంటలు పెంచాడు. గీత ఇంకా వంగింది.

ఒక సాయంత్రం కోటమ్మ జడ వేస్తుంటే ప్రణతి చెవిగురువును తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"ఇది అచ్చం నీలాగే మాట్లాడుద్ది నాయనమ్మా. కానీ దారి తప్పదు. నువ్వైతే గుమ్మడికాయ దగ్గర మొదలెట్టి, అది మీదపడి భుజం విరిగిన మీ తమ్ముడి దగ్గరికి పోయి, ఆయన పెళ్లిలో లడ్లు చాల్లేదని తిట్టి, అప్పుడు మళ్లీ గుమ్మడికాయకొస్తావు. రోజూ నువ్వట్టా వాగుతుంటే, ఇదీ నువ్వేలే అనుకుని వినేదాన్ని. ఇప్పుడు ఎవరో నీ చీర కట్టుకుని వచ్చి కూర్చున్నట్టుంది. భయమేస్తోంది."

కోటమ్మ చేతిలో జడ ఆగిపోయింది. మొక్కు తప్పితే ఆ పాపం పిల్లకు చుట్టుకుంటుందేమో. గుమ్మంలో సాంబశివ వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. ఆమె కొండ దిక్కుకు ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

"లడ్లు చాలకపోవడమేంటే. మా మరదలి పుట్టింటోళ్లు కొంగుల్లో మూటగట్టుకుపోయారు."

"నీకు చెప్పలేదు గానీ, నేనూ నాలుగు తెచ్చుకున్నా కోటమ్మా," అంది పిట్టగోడ అవతల్నుంచి మస్తానమ్మ. ఆమె మౌనం కూడా అక్కడితో సరి. పొద్దుగూకేసరికి వీధంతా మాటలే.

చెవిగురువును చేసినవాళ్లు అన్నీ లెక్కలో వేసుకున్నారు గానీ, ముసలమ్మలు నోరు మూసుకుంటే ఏమవుతుందో వేసుకోలేదు. వాళ్లు మూసుకుంటారని ఎవరూ అనుకోలేదు మరి.

ఆ ఏడు రాష్ట్రంలో మార్కులు తగ్గాయి. ప్రణతి గీత ఎర్రచుక్క దగ్గరికైతే ఎగబాకింది గానీ, దాటలేదు. అందరివీ తగ్గబట్టి సీటు చివరి విడతలో, ఎక్కడో శ్రీకాకుళంలో వచ్చింది. చెవిగురువును హాల్లోనే గోడగీత కింద వదిలేసి వెళ్లింది. రోజూ సాయంత్రం హాస్టలు నుంచి ఫోను చేసి, ఊరికే ఏదో ఒకటి మాట్లాడు నాయనమ్మా అంటుంది. ఇక్కడ పొయ్యి మీద పప్పు మాడుతుంది. సాంబశివ లేచి, చప్పుడు చేయకుండా పొయ్యి కట్టేస్తాడు.